ఫలానా దేశం, ఫలానా మనిషి

ఆటలో కూడా మేమే చావాలా?

ఈ ప్రశ్న అడగ్గానే మీలో కొందరు నవ్వుతారు. ఇంకొందరు "వీళ్లకు ప్రతిదాంట్లోనూ మతమే కనపడుతుంది" అని పెదవి విరుస్తారు. సినిమాల గురించి మాట్లాడినప్పుడు అదే మాట అన్నారు. పాఠ్యపుస్తకాల గురించి మాట్లాడినప్పుడూ అదే అన్నారు. ఇప్పుడు వీడియో గేమ్ గురించి మాట్లాడబోతున్నాం. మళ్లీ అదే అనండి. అయినా మాట్లాడతాం. మా పిల్లలు ఇవాళ కథలు వింటున్నది దాదీ పక్కన పడుకుని కాదు. మంచోడెవడో, చెడ్డోడెవడో, ఎవడు చస్తే చప్పట్లు కొట్టాలో వాళ్లకు ఆటలు నేర్పుతున్నాయి. మా ఇంట్లో, మా కరెంటుతో, మా పిల్లలకు మా గురించి ఎవడో చెబుతుంటే మేం పక్క గదిలో కూర్చుని అస్తిత్వ కవిత్వం రాసుకుంటూ ఉండాలా?

మేం ఆడిన ఆట కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్. 2007 నవంబరులో వచ్చింది. అమెరికాలో ఇన్ఫినిటీ వార్డ్ వాళ్లు తయారుచేస్తే ఆక్టివిజన్ కంపెనీ అమ్మింది. ఈ వరుసలో అంతకుముందు వచ్చిన మూడు ప్రధాన ఆటలూ రెండో ప్రపంచ యుద్ధం చుట్టూ తిరిగాయి. ఇది యుద్ధాన్ని మన కాలానికి తెచ్చింది. తుపాకీ ఆటల్లో మైలురాయి అని లోకమంతా పొగిడింది. ఇప్పటికీ పొగుడుతోంది. మేం మాత్రం ఇన్నేళ్ల తర్వాత, మొన్ననే, మొదటిసారి ఆడాం. మేమంటే కవిత్వమో కథలో రాసుకునేవాళ్లం, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఆడమన్నది మా పిల్లలే. "అబ్బా, దీన్ని మించిన ఆట రాలేదు" అన్నారు. సరే, చూద్దామని కూర్చున్నాం.

ముందుగా ఒక మాట. ఆట గొప్పగానే ఉంది. తుఫానులో ఊగుతున్న ఓడ మీద మొదలవుతుంది. గుండె దడదడలాడుతుంది. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత జనం వదిలేసిపోయిన ప్రిప్యాత్ పట్నంలో గడ్డిలో పాక్కుంటూ పోయే ఘట్టం ఒకటుంది. శత్రువుల బూట్లు పక్క నుంచి పోతుంటే ఊపిరి బిగబట్టి పడుకోవాలి. మేమూ బిగబట్టాం. శబ్దం, వెలుతురు, కథ నడక, అన్నీ చేయి తిరిగిన పని. మా అభ్యంతరం అందుకే. చేతగానివాడు మమ్మల్ని తిడితే దులుపుకుని పోతాం. చేయి తిరిగినవాడు తిడితే ఆ తిట్టు ముద్రయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఓడ ఘట్టం అయిపోగానే ఆట మనల్ని ఒక అరబ్బు దేశంలోకి తీసుకుపోతుంది. ఆ దేశానికి పేరు లేదు. రష్యాకు పేరుంది, ఉక్రెయిన్‌కు పేరుంది, అజర్‌బైజాన్‌కు పేరుంది. ఓడ మునిగిన బేరింగ్ జలసంధికీ పేరుంది. అరబ్బు దేశానికి మాత్రం లేదు. ఎడారి, తాటిచెట్లు, మట్టిరంగు గోడలు, అరబ్బీ రాతలు ఉంటే చాలనుకున్నారు. ఏ దేశమైతేనేం, అన్నీ ఒకటేగా!

ఆ దేశాధ్యక్షుడి పేరు యాసిర్ అల్ ఫులానీ. ఆ పేరు వినగానే మాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మండింది. అరబ్బీలో ఫులాన్ అంటే పేరు చెప్పక్కర్లేని ఎవడో ఒకడు. అది ఉర్దూలో ఫలానా అయ్యింది. తెలుగులోకొచ్చి మీ నోట్లోనూ ఫలానాగానే నిలిచిపోయింది. రోజుకు పదిసార్లు మీరు వాడే మాట అది. మేం ఈ భాషలోకి నిన్న వచ్చినవాళ్లం కాదనడానికి అదొక సాక్ష్యం కూడా. పేరు పెట్టినవాడు తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో మాకనవసరం. ఫలానా దేశానికి ఫలానా మనిషి అధ్యక్షుడు!

ఆట మొత్తంలో మేం ఒక అరబ్బు మనిషి శరీరంలోకి వెళ్లేది ఈ ఒక్కసారే. ఆ కాసేపు మేమే ఫులానీ. మమ్మల్ని ఈడ్చుకొచ్చి కారులో పడేస్తారు. కారు వీధుల వెంట పోతుంటుంది. బయట జనాన్ని తరుముతుంటారు, గోడకు నిలబెట్టి కాల్చేస్తుంటారు. ఇటు తెరమీద ఆట తయారుచేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పడుతుంటాయి. మేం ఏ మీట నొక్కినా లాభం లేదు. పరిగెత్తలేం, తిరగబడలేం, నోరెత్తలేం. తల అటూ ఇటూ తిప్పి చూడొచ్చు, అంతే. చివరికి ఒక గుంజకు కట్టేస్తారు. ఖాలిద్ అల్ అసద్ అనేవాడు దగ్గరికొచ్చి మొహం మీద కాలుస్తాడు. తెర నల్లబడుతుంది.

ఈ ఘట్టాన్ని విమర్శకులు ఆకాశానికెత్తారు. ఆడేవాడి చేతులు కట్టేసి కథ చెప్పడం కొత్త ప్రయోగమన్నారు. అయ్యా, మాకది కొత్త కాదు. కారులో పడేసి తీసుకుపోవడం, తల తిప్పి చూడ్డం తప్ప మరేమీ చేయలేకపోవడం మా బస్తీలకు ప్రయోగం కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

బ్రిటిష్ సైనికుడి శరీరంలో ఉన్నప్పుడు మేం పరిగెత్తాం, దూకాం, కాల్చాం, గెలిచాం. అమెరికా సైనికుడి శరీరంలో ఉన్నప్పుడు ట్యాంకును కాపాడాం, హెలికాప్టర్ ఎక్కాం. అరబ్బు శరీరంలో ఉన్నప్పుడు చచ్చాం. మాటల్లో చెప్పకుండా ఆట చెప్పిన పాఠం ఇది. పుస్తకం చదివినవాడు పాత్రను దూరం నుంచి చూస్తాడు. సినిమా చూసినవాడూ అంతే. ఆటలో ఆ శరీరం మనదే, వేలు మనదే. ఎవరి శరీరంలో ఏం చేయగలమో అదే ఆ ఆట రాజకీయం.

ఇక పేర్ల సంగతి. ఖాలిద్, అసద్, యాసిర్. ఇవి మా బస్తీల్లో పిల్లలకు పెట్టుకునే పేర్లు. అసద్ అంటే సింహం. ఈ పేర్లున్న పిల్లలే ఈ ఆట ఆడుతున్నారు. ఖాలిద్ అనేవాడు ఖాలిద్‌ను వేటాడుతున్నాడు. ఆడుతూ ఆడుతూ మాలో ఒకరు "వీడి పేరు మన మామూ పేరే కదరా" అంటే, "అబ్బా, వాడు మనోడు కాదు, ఎనిమీ!" అని కసురుకున్నాడు కొడుకు. వాడి తప్పేం లేదు. ఆట వాణ్ని ఎటువైపు నిలబెడితే అటు నుంచే గురి చూస్తాడు. పన్నెండేళ్ల పిల్లవాడు తన పేరునే గురిలో పెట్టి చూడ్డం నేర్చుకున్నాక ఆ పేరుతో బతకడం ఎట్లా నేర్చుకుంటాడు?

తర్వాత అమెరికా సైన్యం ఆ పేరులేని దేశం మీద పడుతుంది. పేరున్న నగరమైతే అక్కడ బట్టల దుకాణం ఉంటుంది, రొట్టెలు కాల్చేవాడుంటాడు, మేడమీద బట్టలు ఆరేసుకునే అమ్మ ఉంటుంది. ఈ నగరంలో ఎవరూ లేరు. కుట్రదారులు జనాన్ని ఈడ్చి చంపుతున్నప్పుడు ఆ జనం కనపడ్డారు. అమెరికా సైనికులుగా మేం తుపాకీ పట్టుకుని అడుగుపెట్టేసరికి మాయమయ్యారు. వీధి నిండా సాయుధులే. కనపడ్డవాణ్నల్లా కాల్చొచ్చు. కాల్చకూడని మనిషి ఒక్కడూ ఎదురుకాడు. ఇదే ఆటలో రష్యా పల్లెలో ఒక ముసలి రైతు కనపడతాడు. దుండగులు అతణ్ని నిలదీస్తుంటే మేం కాపాడొచ్చు. రష్యాకు ఒక తాత దొరికాడు. అరబ్బు నగరం మొత్తానికి ఒక్క తాత దొరకలేదా?

రష్యాలోనే ఇంకో ఘట్టం. ఎసి-130 విమానంలో కూర్చుని కిందనున్న మనుషులను తెల్లటి చుక్కలుగా చూస్తూ పేల్చేయాలి. పైనున్నవాళ్లు తాపీగా మాట్లాడుకుంటుంటారు. అక్కడొక చర్చి ఉంది. దాన్ని కాల్చొద్దని ఆజ్ఞ. కాలిస్తే ఆట పోయినట్టే. మంచి నియమం. దేవుడి ఇల్లు ఎవరిదైనా కాల్చకూడదు. మేం చెప్పేదల్లా ఇంతే. ఇక్కడ కాల్చకూడదు అనే నియమం రాయడం వీళ్లకు చేతనవును. అరబ్బు వీధుల్లో ఆడినంతసేపూ అలాంటి ఆజ్ఞ ఒక్కటీ మాకు వినపడలేదు.

ఆ నగరంలో చివరికి అణుబాంబు పేలుతుంది. ఈ ఘట్టాన్ని చూపించే మీరు మాకు జవాబిస్తారు. "చూశారా, ఇది యుద్ధాన్ని పొగిడే ఆట కాదు, యుద్ధం ఎంత ఘోరమో చూపించింది" అంటారు. మేమూ చూశాం. కూలిన హెలికాప్టర్‌లోంచి సైనికుడు పాక్కుంటూ బయటికొస్తాడు. ఆకాశం ఎర్రబడి ఉంటుంది. నాలుగడుగులు వేసి కూలిపోతాడు. ఆ సైనికుడి పేరు పాల్ జాక్సన్. అతను చచ్చిపోతే మేమూ బాధపడ్డాం. కానీ బాంబు పేలింది ఒక రాజధాని నగరంలో. ఆ నగరంలో ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఎవరున్నారు? జనాన్ని ముందే మాయం చేశారు కాబట్టి చచ్చినవాళ్లు కూడా లేరు. అణుబాంబు పడింది అరబ్బు నగరం మీద, దుఃఖం మాత్రం అమెరికావాడిది. మా చావుకు కూడా మేం వారసులం కాము!

అల్ అసద్ దొరుకుతాడు. కుర్చీకి కట్టేసి కొడతారు. కొట్టేది మన నాయకుడు, కెప్టెన్ ప్రైస్. ఫోన్ మోగుతుంది. బాంబు వెనక ఉన్నది జఖాయెవ్ అనే రష్యావాడని తెలుస్తుంది. వెంటనే ప్రైస్ తుపాకీ తీసి, కట్టేసి ఉన్నవాణ్ని కాల్చి పారేస్తాడు. మొదట్లో కట్టేసి ఉన్న ఫులానీని కాల్చినందుకు అల్ అసద్ రాక్షసుడయ్యాడు. ఇప్పుడు కట్టేసి ఉన్న అల్ అసద్‌ను కాల్చిన ప్రైస్ హీరో. ఒకటే పని, రెండు పేర్లు. ఇంకో అవమానం కూడా ఉంది. సగం ఆటయ్యేసరికి అల్ అసద్ పని అయిపోయింది. అసలు విలన్ రష్యావాడు. పాపం, విలన్ పాత్ర కూడా మాకు పూర్తిగా ఇవ్వలేదు.

ఇప్పుడు 2007 గురించి మాట్లాడదాం. ఆ సంవత్సరం ఊరికే రాలేదు.

2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చచ్చింది నమాజుకు వచ్చినవాళ్లు. పట్టుకుపోయింది వాళ్ల తమ్ముళ్లలాంటి పిల్లలను. పాతబస్తీ నుంచి ఎంతమందినో ఎత్తుకుపోయారు. చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది దగ్గర ఆ పిల్లలు చెప్పుకున్నారు. తర్వాత దర్యాప్తు ఇంకోవైపు తిరిగింది. ఈ పిల్లల మీద కేసులు నిలవలేదు. ప్రభుత్వమే కొందరికి పరిహారమిచ్చి, వీళ్లు మంచోళ్లేనని సర్టిఫికెట్ రాసిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్నీ కొట్టేసింది. 2018లో, తర్వాత పట్టుకున్న నిందితులు కూడా నిర్దోషులుగా బయటికొచ్చారు. బాంబు ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు. కానీ మా పిల్లల మీద పడ్డ ముద్ర మాత్రం తేలిగ్గా పడింది, గట్టిగా నిలిచింది.

అదే సంవత్సరం జులై 12న బాగ్దాద్‌లో అమెరికా హెలికాప్టర్ వీధిలోని మనుషులను కాల్చింది. డజనుకు పైగా చచ్చిపోయారు. వాళ్లలో ఇద్దరు రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు, నమీర్ నూర్ ఎల్దీన్, సయీద్ ఛ్మాఘ్. కెమెరాను ఆయుధమనుకున్నారు. ఆ దృశ్యాన్ని 2010లో వికీలీక్స్ బయటపెట్టింది. నలుపు తెలుపుల తెర, కింద కదిలే చుక్కలు, పైన నింపాదిగా మాట్లాడుకునే గొంతులు. ఆటలోని ఎసి-130 ఘట్టాన్నీ, ఆ వీడియోనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆటలో కాల్చకూడని చర్చి ఉంది. బాగ్దాద్ వీధిలో కాల్చకూడనిదేమీ లేకపోయింది.

మే, జులై, నవంబరు. ఒకటే సంవత్సరం. ఆట వల్లనే మమ్మల్ని పట్టుకుపోయారని మేం అనడం లేదు. పట్టుకుపోతుంటే ఎవరూ ఎందుకు అడగలేదో, ఆ మౌనం ఎట్లా తయారవుతుందో చెబుతున్నాం. పేరులేని దేశం, జనంలేని నగరం, మాట్లాడని మొహం. ఇవి అలవాటైన కంటికి పోలీసు జీపులో ఉన్న కుర్రాడి మొహం కూడా ముందే చూసినట్టుంటుంది.

"జర్మన్లను కూడా కాల్చారుగా, వాళ్లేమైనా ఏడ్చారా?" అని ఒక ప్రశ్న వేస్తారు. ఆట కట్టేశాక జర్మనీ కుర్రాణ్ని చూసి ఎవరూ ఇల్లు అద్దెకు లేదనరు. విమానాశ్రయంలో పక్కకు పిలిచి పేరు మళ్లీ చెప్పమనరు. నాజీల సైన్యం 1945లో ఓడిపోయింది. మా మీద యుద్ధం ఇంకా ఆగలేదు. పైగా జర్మనీవాడికి వేరే వెయ్యి కథలున్నాయి. మాకున్న కథ ఇదొక్కటే. జాక్ షాహీన్ అనే పండితుడు తొమ్మిది వందలకు పైగా హాలీవుడ్ సినిమాలను తరచి 2001లో ఒక పుస్తకం రాశాడు. అరబ్బును మనిషిగా చూపినవి వాటిలో ఎంత తక్కువో అందులో కనపడుతుంది. అంత దూరం పోనక్కర్లేదు. 1992లో రోజా చూసి మీరు కన్నీళ్లు పెట్టుకున్నారు. జెండా తగలబడుతుంటే నమాజు చేసుకునే మనిషిని చూసి మా ఒళ్లు జలదరించింది. ఒకే హాల్లో, పక్కపక్క సీట్లలో!

2009లో వచ్చిన తర్వాతి భాగంలో కరాచీ ఉంది. అక్కడ గోడల మీద రాతలన్నీ అరబ్బీలో ఉన్నాయి. కరాచీలో ఉర్దూ రాస్తారని అంత డబ్బున్న కంపెనీకి తెలియదు. ముస్లిం అంటే అరబ్బీ అనుకున్నారు. నవ్వకండి. ముస్లిం అంటే ఉర్దూ అని మీరనుకోవడం లేదా? దూదేకుల ఇంట్లో తెలుగులోనే నవ్వి తెలుగులోనే ఏడ్చేవాళ్లను పట్టుకుని "అరె, మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అని మెచ్చుకున్నది మీరు కాదా? అమెరికావాడికి కరాచీ ఎంత దూరమో, మీ పక్కవీధిలోని మా ఇల్లు మీకు అంతే దూరం.

2019 భాగంలో ఇంకా ముందుకు పోయారు. 'హైవే ఆఫ్ డెత్' అనే పేరు వాడుకున్నారు. 1991లో కువైట్ నుంచి వెనక్కి పోతున్న ఇరాకీలను ఆ రోడ్డు మీద బాంబులేసి చంపింది అమెరికా, దాని మిత్రుల విమానాలు. ఆటలో ఆ నేరాన్ని రష్యా ఖాతాలో వేశారు. చచ్చింది మేమైనా చంపిందెవరో కూడా వాళ్లే నిర్ణయిస్తారు.

"ముస్లిం హీరో ఉన్న ఆట లేదా?" అంటే ఉంది. అదే 2007 నవంబరులో అసాసిన్స్ క్రీడ్ వచ్చింది. అల్తయిర్ అనే కథానాయకుడు. 1191 నాటి డమాస్కస్, జెరూసలేం. బహుళ మతాల, విశ్వాసాల బృందం దీన్ని తయారుచేసిందని మొదట్లోనే రాసుకున్నారు. ఆ మాట రాయాలనిపించినందుకు సంతోషం. కానీ అల్తయిర్‌కు చరిత్రలో పునాది అయిన నిజారీ ఇస్మాయిలీల విశ్వాసం ఆటలో ఎక్కడా కనపడదు. పైగా కథంతా ఈ కాలపు అమెరికా యువకుడి జ్ఞాపకంలోంచి నడుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట చచ్చిపోయినవాడైతే ముస్లిం హీరో కావచ్చు. బతికున్నవాడైతే ఎనిమీ. ఈ సూత్రం మనకు తెలియంది కాదు. చార్మినార్ కావాలి, బిర్యానీ కావాలి, గజల్ కావాలి. వాటిని తెచ్చినవాళ్ల మనవలు మాత్రం పక్కింట్లో వద్దు.

"ఆటే కదా, ఎందుకింత రాద్ధాంతం?" ఇది చివరి బాణం. దీనికి మేం కాదు, 2016లో జరిగిన సంగతి జవాబు చెబుతుంది. రషీద్ అబూఐదా అనే పాలస్తీనా మనిషి లైలా అండ్ ది షాడోస్ ఆఫ్ వార్ అనే చిన్న ఆట తయారుచేశాడు. 2014 గాజా యుద్ధంలో భార్యనూ బిడ్డనూ కాపాడుకోవాలని పరిగెత్తే తండ్రి కథ. దాన్ని ఆటల విభాగంలో పెట్టడానికి ఆపిల్ కంపెనీ మొదట ఒప్పుకోలేదు. వార్తల్లోనో మరోచోటో పెట్టుకోమంది. గొడవయ్యాక దిగొచ్చింది. గమనించారా? మమ్మల్ని చంపితే అది ఆట. మేం చస్తున్నామని మేమే చెబితే అది ఆట కాదు!

ఇక మావాళ్లకూ నాలుగు మాటలు. ఆటలన్నీ హరామ్ అని తీర్పు చెప్పి చేతులు దులుపుకునే పెద్దలున్నారు. హజ్రత్, మీరు వద్దన్నంత మాత్రాన పిల్లలు మానలేదు, మానరు. మీరు తలుపేస్తే వాళ్లు మేడెక్కి ఆడుకుంటారు. తిట్టే బదులు పక్కన కూర్చోండి. ఆ ఖాలిద్ ఎవడో, ఆ నగరంలో జనం ఎందుకు లేరో పిల్లవాణ్ని అడగండి. మేం నిషేధాలు కోరం. నిషేధం మొదలైతే ముందు మూతపడేది మా నోళ్లే. 1979 ఇరాన్ విప్లవం మీద నవీద్ ఖోన్సారీ బృందం 2016లో ఒక ఆట చేసింది. ఆడేవాడి చేతిలో ముందు పెట్టింది తుపాకీ కాదు, కెమెరా. దాన్ని ఇరాన్ ప్రభుత్వమే అడ్డుకుంది. నోరు నొక్కేవాడు గడ్డం పెంచుకున్నా, గీసుకున్నా మాకు ఒకటే.

మాకు కావాల్సింది దయ కాదు. ఆటలో ఒక మంచి ముస్లింను ఇరికించి, రెండో సగంలో హీరో కోసం చంపేసే ఏర్పాటు అసలే వద్దు. దాన్ని తెలుగు సినిమాల్లో చాలినంత చూశాం. ఆ నగరానికి పేరు కావాలి. ఆ వీధిలో మనుషులు కావాలి. కాల్చకూడని తాత కావాలి. వాటిని వాళ్లు పెడతారని మేం ఎదురుచూడం. కంప్యూటర్ చదువులు చదివి ఎవడి ఆఫీసులోనో రాత్రుళ్లు పనిచేస్తున్న మా పిల్లలను అడుగుతున్నాం. పీర్ల గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి అలాయ్ ఆడే ఊరిని కట్టండి. దూది ఏకే విల్లు చప్పుడు పెట్టండి. ఆడేవాణ్ని మా శరీరంలోకి రానివ్వండి. వచ్చినవాడి చేతులు మాత్రం కట్టేయకండి. వాడు నడవనీ, అడగనీ, తిరగబడనీ.

మీరు కూడా ఆడండి. ఆ ఫలానా మనిషి పేరేమిటో అప్పుడు మిమ్మల్ని అడుగుతాం.